చూసింది చెప్పండి, అనిపించింది తర్వాత

బాబాయిగారు పోయారన్న కబురు నాకు స్కూల్లో తెలిసింది. స్టాఫ్ రూమ్‌లో కూర్చుని యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుకుంటున్నాను. ఫోన్ చేసింది మా ఊళ్లో ఫోటో స్టూడియో ఆయన. ఫోనెత్తితే చాలు గలగలా మాట్లాడేసే మనిషి, ఆ రోజు "మేడమ్ గారండీ" అని ఆగిపోయారు. ఏమైందండీ అని నేనే అడగాల్సి వచ్చింది. "మాస్టారు పొద్దున్న కాఫీ తాగి పడక్కుర్చీలో కూర్చున్నారంటండి. పేపరు ఒళ్లో అలాగే ఉంది. నేనిప్పుడే చూసొచ్చేనండి" అన్నారు. ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న పేపరు చివరిదాకా దిద్ది, మార్కులు వేసి, అప్పుడు లేచాను. ఎందుకలా చేశానో నాకు తెలీదు. ఆ పిల్లకి మార్కులు సరిగ్గా వేశానో లేదో కూడా అనుమానమే.

చదివేవాళ్లకి ముందు చెప్పాలి కదా, ఆయన నాకు రక్తసంబంధం కాదు. మా నాన్నగారూ ఆయనా ఒకే హైస్కూల్లో పనిచేశారు. అమలాపురంలో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒకటే గోడ. అందుకని ఆయన బాబాయిగారు, ఆవిడ పిన్నిగారు. ఆయనది వేదం చెప్పుకున్న కుటుంబం. తండ్రిగారూ అన్నగారూ ఆ చదువులో పెద్దవాళ్లు. బాబాయిగారు కూడా చిన్నప్పుడు కొన్నేళ్లు చెప్పుకుని, తర్వాత ఇంగ్లీషు చదువుకి మళ్లి, ఫిజిక్సు మాస్టారయ్యారు. "నేను సగంలో దిగిపోయినవాణ్ణి" అనేవారు తన గురించి, బస్సు సంగతి చెప్పినట్టు. దిగిపోయినా ఆ చదువులోవి రెండు విషయాలు ఆయనతో ఉండిపోయాయి. వాటి గురించే ఇదంతా రాస్తున్నాను.

వీడియోల విషయంలో ఆయన కళ్లు ఎలాంటివో నాకు మొదట తెలిసింది తొంభైల్లో, నా పెళ్లి క్యాసెట్టు వచ్చిన రోజున. వీధంతా మా ముందుగదిలో సర్దుకుని కూర్చుంది. తలంబ్రాల చోట తెరమీద గులాబీలు రాలాయి. నా మొహం గిర్రున తిరుగుతూ వచ్చి మా ఆయన మొహంలో కలిసిపోయింది. అందరూ మెచ్చుకున్నారు. మా నాన్నగారు ముచ్చటపడి, ఎలా ఉందండీ అని బాబాయిగారిని అడిగారు. ఆయన కాసేపు ఆలోచించి, లైటు పట్టుకున్న కుర్రాడు పాపం చాలా కష్టపడ్డాడు అన్నారు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు నా చెయ్యి వణికిందనీ, తను పక్కనే ఉండి చూశాననీ, ఆ వణుకు మాత్రం క్యాసెట్లో ఎక్కడా లేదనీ కూడా అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. కొత్త పెళ్లికూతురితో అనాల్సిన మాటా అది? కానీ ఆ తర్వాత ఆ క్యాసెట్టు ఎప్పుడు వేసినా నేను నా చెయ్యి కోసమే వెతుక్కున్నాను.

ఆయన రిటైరైన కొన్నేళ్లకి, ఓడల మీద పనిచేసే పాత శిష్యుడొకరు సింగపూర్ నుంచి హెచ్.డి. క్యామ్‌కార్డర్ తెచ్చిపెట్టారు. అరచేతిలో ఇమిడిపోయేది. పక్కన చిన్న తెర తలుపులా తెరుచుకునేది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద క్యాసెట్టు. ఊళ్లో పెళ్లిళ్ల వాళ్లు అప్పటికింకా భుజాన మోసే కెమెరాలతోనే తిరుగుతున్నారు. బాబాయిగారు దానితో వచ్చిన పుస్తకం మొదట్నుంచి చివరిదాకా చదివి, అప్పుడు గానీ మీట నొక్కలేదు.

మా ఆదివారాలు అలా మొదలయ్యాయి. నలుగురం. బాబాయిగారు ఒకరు. గడియార స్తంభం దగ్గర ఫోటో స్టూడియో నడిపే ఆయన రెండో మనిషి. పెళ్లిళ్లలో గులాబీలు రాల్చేది ఆయనే, అయినా ఆదివారం వాటి ఊసెత్తేవారు కాదు. మూడో ఆయన ముక్తేశ్వరంలో కొబ్బరికాయల వ్యాపారం చేసే షావుకారుగారు, బాబాయిగారిని చూసి తనూ ఒక హెచ్.డి. కెమెరా తెప్పించుకున్నారు. ఆయనకి జూమ్ అంటే ప్రాణం. గేదెను తీయడం మొదలుపెడితే చివరికి గేదె కంట్లో తేలేవారు. నాలుగోదాన్ని నేను, పెళ్లయ్యాక కూడా ఆ గోడ పక్కింట్లోనే ఉన్నదాన్ని. మా తమ్ముడు కువైట్ నుంచి తెచ్చిన పాత రకం కెమెరా నాది. వానని తీసేదాన్ని. వాన తప్ప ఇంకేమీ తియ్యవా అమ్మాయ్ అని పిన్నిగారు నవ్వేవారు.

వారమంతా తీసుకున్నవి ఆదివారం మధ్యాహ్నం ఒకరికొకరం చూపించుకునేవాళ్లం. మొదట్లో జరిగిందేమిటంటే, ఒకరిది చూడగానే మిగతావాళ్లం మీద పడిపోయేవాళ్లం. ఊగింది, మసకగా ఉంది, ఇంతసేపు ఎందుకు, అక్కడ తియ్యకుండా ఉండాల్సింది. రెండు మూడు వారాలకే షావుకారుగారు మొహం ముడుచుకుని రావడం మానేశారు. బాబాయిగారు ముక్తేశ్వరం వెళ్లి ఆయన్ని తీసుకొచ్చి, అందర్నీ కూర్చోబెట్టి ఒక పద్ధతి పెట్టారు. వేదం చెప్పేటప్పుడు గురువు ఒక మాట అంటే శిష్యులు దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి చెబుతారు, దాన్ని సంత అంటారు. మనమూ అంతే చెయ్యాలన్నారు. వీడియో అయిపోయాక, చూసినవాళ్లు ఒక్కొక్కరూ తాము ఏం చూశారో చెప్పాలి. బాగుందనీ బాగోలేదనీ అనకూడదు. తీసినవాళ్లు అప్పటిదాకా నోరు మెదపకూడదు. "చూసింది చెప్పండి. అనిపించింది తర్వాత" అన్నారు.

వినడానికి ఇదేదో పిల్లల ఆటలా ఉంటుంది. చేసి చూస్తే గానీ తెలీదు. నేను ఎంతో కష్టపడి తీసిన ఒక వాన ఉంది. మా ఎదురింటి పెంకుల చూరునుంచి నీళ్లు ధారగా పడుతుంటే, ఆ ధార వెనక వాళ్ల ముసలమ్మగారు కూర్చుని ఉంటారు. నాకు ఆ ముసలమ్మగారే ముఖ్యం. ముగ్గురూ చూసింది చెప్పారు. చూరు చెప్పారు, ధార చెప్పారు, కింద పెట్టిన ఇత్తడి బిందె చెప్పారు. ముసలమ్మగారి మాట ఒక్కరూ ఎత్తలేదు. నేను పెదవి కొరుక్కుని కూర్చున్నాను. నేను చూశాను గానీ చూపించలేదన్నమాట. ఎవరూ ఒక్క మాటా అనకుండానే నాకు బుద్ధి వచ్చింది.

ఇక ఆయనతో ఉండిపోయిన రెండో విషయం ఊపిరి. మంత్రం మధ్యలో ఊపిరి తెగకూడదని చిన్నప్పుడు నేర్పారట. కెమెరా పట్టుకున్నా అదే పద్ధతి. ఊపిరి నిండా పీల్చి, బిగబట్టి, మీట నొక్కేవారు. ఆ ఊపిరి ఉన్నంతసేపే షాట్. చెయ్యి ఇసుమంతైనా కదిలేది కాదు. అయితే షాట్ ఆఖర్న, మీట మళ్లీ నొక్కేలోపు, "హుఁ" అని పెద్ద ఊపిరి వదిలేవారు. మైకు సరిగ్గా ఆయన ముక్కుకి ఎదురుగా ఉండేది కాబట్టి అది గదంతా వినపడేది. గోదావరి మీద మంచు విడిపోతున్న షాట్ చూస్తుంటాం, ఆఖర్న హుఁ. పిచ్చుక గూడు కడుతుంటుంది, ఆఖర్న హుఁ. షావుకారుగారు ఆ చోటు రాబోతోందని ముందే కనిపెట్టి, లేచి వెళ్లి టీవీ సౌండు తగ్గించేవారు. బాబాయిగారు కూడా మాతో కలిసి నవ్వేవారు గానీ మానలేదు.

ఆయన మానని తప్పు ఇంకొకటి ఉండేది. కుర్రతనంలో ఆయనకి పెట్టె కెమెరా ఒకటుండేదట. సూర్యుడు తీసేవాడి వీపు వెనక ఉండాలని దాని మీద రాసి ఉండేదట. ఆ సూత్రం పట్టుకుని హెచ్.డి. కాలంలో కూడా ఎండకి వీపు పెట్టే నిలబడేవారు. దానివల్ల పొద్దున్నా సాయంత్రం తీసిన ప్రతి వీడియోలోనూ ఆయన నీడ పొడుగ్గా వచ్చి ముందు పడేది. మోచేతులు రెండు పక్కలకీ పొడుచుకొచ్చి, కింద పంచె అంచు ఎగురుతూ. స్టూడియో ఆయన, ఎండ పక్కనుంచి రానివ్వండి మాస్టారండీ అని ఎంత మొత్తుకున్నా, ఆయ్ అనేవారు, మళ్లీ అలాగే తీసేవారు. ఫిజిక్సు మాస్టారికి నీడ ఎటు పడుతుందో తెలీదంటే ఎవరు నమ్ముతారు?

ఆ నీడ వీడియోల్లో ఒకటి వాడపల్లిలో తీసింది. దంపతులిద్దరూ దర్శనం చేసుకుని ఏటిగట్టు మీదకి వచ్చారు. పిన్నిగారు ఆకుపచ్చ చీరలో, ప్రసాదం పొట్లం ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. మేం సంత చెప్పాం. నా వంతు వచ్చినప్పుడు, పిన్నిగారు గట్టు మీద కూర్చున్నారు, మీ నీడ ఆవిడ మీద పడింది అని చెప్పాను. మిగతా ఇద్దరూ అదే చెప్పారు. తర్వాత స్టూడియో ఆయన, "అమ్మగారి మొహమ్మీద పడిపోయిందండి. చీర రంగు కూడా తెలీట్లేదు. ఆ ముక్క తీసేద్దారండి" అన్నారు. బాబాయిగారు తల గోక్కుని, మళ్లీ పడిందన్నమాట అన్నారు. ఆ ముక్క తీసెయ్యడానికి అందరికీ బద్ధకం, అలాగే ఉండిపోయింది.

మేం చాలాకాలం హెచ్.డి. వీడియోలను బాబాయిగారింట్లో ఉన్న పాత టీవీలోనే చూశామని చెబితే ఇప్పటివాళ్లు నవ్వుతారు. ఇందులో గొప్పేమిటో అర్థం కావట్లేదని షావుకారుగారు పైకే అనేవారు. స్టూడియో ఆయన తన షాపులో పెద్ద ఎల్.సి.డి. టీవీ పెట్టిన ఆదివారం గానీ మాకు సంగతి తెలియలేదు. ఆ రోజు పిన్నిగారిని కూడా రిక్షాలో తీసుకెళ్లాం. బాబాయిగారు తమ దేవుడిగది తీసి తెచ్చారు. దీపం ఒత్తి, కుందె మీద చుక్క కట్టిన నూనె, అన్నీ చేత్తో తాకేటంత దగ్గర్లో ఉన్నాయి. మేమంతా ఆ దీపాన్నే చూస్తుంటే, పిన్నిగారు ముందుకు వంగి చూసి, "అదేవిటండీ, ఆ మూల బూజు. ఇన్నాళ్లూ బూజు కిందే దణ్ణం పెట్టుకుంటున్నామా?" అన్నారు. ఇంటికెళ్లగానే కర్రకి చీపురు కట్టించారు. ఇంత స్పష్టంగా చూపించే వస్తువు సంసారుల ఇళ్లలో ఉండకూడదని తర్వాత చాలా రోజులు అన్నారు.

ఆవిడకి జబ్బు చేసింది ఆ మరుసటేడు. కాకినాడలో చూపించారు, మళ్లీ మళ్లీ తిప్పారు, ఆఖరికి ఇంట్లోనే ఉంచుకోమని చెప్పి పంపేశారు. ఆ మాటకి అర్థం ఏమిటో వీధిలో అందరికీ తెలుసు. బాబాయిగారు అప్పట్నుంచీ ఆవిడని తియ్యడం మొదలుపెట్టారు. మంచు పోయింది, పిచ్చుకలు పోయాయి. ఎప్పుడు గోడ మీంచి చూసినా ఆవిడ వసారాలో మంచం మీద, ఈయన ఎదురుగా కెమెరాతో. ఆదివారం స్టూడియోకి తెచ్చి చూపించేవారు. మేం సంత చెప్పడం మరిచిపోయాం. బాగుందండీ, చాలా బాగా వచ్చిందండీ అనేవాళ్లం. ఇంకేమనగలం?

మూడో వారమో నాలుగో వారమో ఆయన టీవీ ఆపేసి మా వైపు తిరిగారు. కోపం వచ్చినప్పుడు ఆయన గొంతు ఇంకా తగ్గుతుంది. "మీరు నన్ను పరామర్శిస్తున్నారు. నా వీడియో చూడ్డం లేదు. ఇదొక్కటే నేను చెయ్యగలిగింది. దీన్నైనా సరిగ్గా చెయ్యనివ్వండి" అన్నారు. క్యాసెట్టు వెనక్కి తిప్పి మళ్లీ వేశారు. చూసింది చెప్పమన్నారు. స్టూడియో ఆయన తల వంచుకున్నారు. షావుకారుగారు కిటికీ వైపు చూస్తున్నారు. బాబాయిగారు నన్ను చూశారు.

నేను చెప్పాను. పిన్నిగారు మంచం మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. వేళ్లు నెమ్మదిగా కదులుతున్నాయి. తలెత్తి మీ వైపు చూశారు, కాసేపు ఇలా వచ్చి కూర్చోండి అన్నారు. మీరు ఊపిరి బిగబట్టిన గొంతుతోనే ఊఁ ఒక్క నిమిషం అన్నారు. ఆవిడ చిక్కుడుకాయ పక్కన పెట్టి, మంచం మీద ఖాళీగా ఉన్న చోట చేత్తో తట్టారు. కెమెరా ఆ చేతి దగ్గరికి వెళ్లింది. చెయ్యి మళ్లీ తట్టింది. తర్వాత ఒళ్లోకి వెళ్లిపోయింది. తర్వాత మీరు ఊపిరి వదిలారు. ఇంతవరకూ చెప్పి ఆగిపోయాను. బాబాయిగారు ఇంకా నా వైపే చూస్తున్నారు. అనిపించింది కూడా చెప్పాలి కదా, అదీ మా పద్ధతిలో ఉన్నదే. "చెయ్యి చాలా బాగా వచ్చింది బాబాయిగారూ. ఆ చెయ్యి మిమ్మల్ని పిలుస్తోందండీ" అన్నాను.

ఆయన టీవీ కట్టేశారు. తర్వాత "ఆయ్" అన్నారు. కెమెరా తీగ విప్పి, జాగ్రత్తగా చుట్టి, సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు. చావుబతుకుల్లో ఉన్న మనిషి గురించి అలా అంటారా అని మా ఆయన అడిగారు. నాకూ భయం వేసింది.

మరుసటి ఆదివారం ఆయన చేతులూపుకుంటూ వచ్చారు. ఎప్పుడూ ఉత్త చేతులతో రాని మనిషి. ఈ వారం ఏమీ తియ్యలేదు అని మాత్రం చెప్పి, షావుకారుగారి గేదెను చూసి, సంత చెప్పి, తొందరగా ఇంటికి వెళ్లిపోయారు. అటు తర్వాత నేను గోడ మీంచి చూస్తే, వసారాలో మంచం మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉండేవారు. ఒక్కోసారి మాట్లాడుకుంటూ, ఎక్కువసార్లు ఊరికే. కెమెరా సంచి కొక్కేనికి వేలాడుతూ ఉండేది. వాన కాలం దాటకుండానే పిన్నిగారు వెళ్లిపోయారు. ఆవిడ ఆఖరి నెలల వీడియో ఒక్కటి కూడా లేదు.

కర్మలన్నీ అయ్యాక వచ్చిన ఆదివారం, ఆయన వస్తారని మేం అనుకోలేదు. వచ్చి, కెమెరా సంచి స్టూడియో ఆయనకి ఇచ్చి, ఇది నీ దగ్గర ఉంచవయ్యా అన్నారు. తర్వాత ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కాకుండా టీవీ పక్కన స్టూలు మీద, మాకు ఎదురుగా కూర్చున్నారు. టీవీ వెయ్యలేదు. నల్లటి తెర పక్కన కూర్చుని, నేను చూసింది చెప్తాను, మీరు వినండి అన్నారు.

పొద్దున్నపూట, వసారా. ఆవిడ మంచం అంచున కూర్చున్నారు. జుట్టు చిక్కుపడిపోయిందనీ, దువ్వించడానికి ఎవర్నీ పిలవద్దనీ, మీరే దువ్వండనీ అన్నారు. ఆయన జన్మలో ఒకరి తల దువ్వలేదు. కొబ్బరినూనె ఎక్కువ పోసేశారు. మెడ మీదికి కారింది, ఆవిడ కొంగుతో తుడుచుకున్నారు. మూడు పాయలు తీసి జడ వేస్తే అది భుజం మీదికి పోయింది. ఆవిడ అద్దం తెప్పించుకుని చూసుకుని నవ్వారు. నవ్వుతుంటే ఆయాసం వచ్చింది, ఆగి మళ్లీ నవ్వారు. "మీ ఆదివారం వాళ్లకి మాత్రం ఇది చూపించకండి. వంకలు పెడతారు" అన్నారు. కెమెరా లేదుగా అన్నారట ఈయన. లేకపోతేనేం, నోరుందిగా, చెప్పేస్తారు అన్నారట ఆవిడ.

స్టూడియో ఆయన అలవాటు కొద్దీ, ఏమంటున్నదీ తనకే తెలియకుండా, వెలుగు ఎటునుంచి వచ్చిందండీ అని అడిగారు. అడిగి నాలిక్కరుచుకున్నారు. బాబాయిగారు కళ్లు మూసుకుని ఆలోచించి, వెనకనించి, గుమ్మం పక్కనించి అన్నారు. అయితే జుట్టు అంచులు మెరిసుంటాయండి అన్నారు స్టూడియో ఆయన. మెరిశాయి అన్నారు బాబాయిగారు. అప్పుడు ఆయన కళ్లు తుడుచుకున్నారు. మేం నలుగురం ఆ వీడియో చూశామని నేను ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను.

ఆ తర్వాత ఆయన ఏమీ తీయలేదు. తీసినవి చూడనూ లేదు. మావి చూడ్డానికి మాత్రం ఒక్క ఆదివారం తప్పేవారు కాదు. ఒకసారి స్టూడియో నుంచి నడిచి వస్తుంటే, కాలవ వంతెన మీద ఆగారు. "అమ్మాయ్, ఒకటడుగుతాను. ఆ ఆఖరి నెలలు సరే. కూర్చున్నాను. కెమెరా వచ్చినప్పట్నించీ ఆ నెలల దాకా మీ పిన్ని ఒక్కర్తీ ఉందంటావా? నేనెప్పుడూ అవతలే నిలబడ్డానా?" అని అడిగారు. అయ్యో అదేం మాట బాబాయిగారూ, ఆవిడ అలా ఎప్పుడూ అనుకోలేదు అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "అనిపించింది కాదమ్మా. చూసింది చెప్పు" అన్నారు. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. కాలవలో గుర్రపుడెక్క తేలుతూ పోతోంది. ఇద్దరం దాన్ని చూసి మళ్లీ నడిచాం. ఆయన ఇంకెప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు, కానీ దాన్ని వదిలిపెట్టలేదని నాకు తెలుసు. వసారాలో ఆ మంచం మీద ఒక్కరే కూర్చున్నప్పుడు, పక్కన ఒక మనిషికి చోటు వదిలి కూర్చునేవారు.

ఆయన పోయిన రెండో రోజున వాళ్లబ్బాయి, రాజమండ్రిలో బ్యాంకులో పనిచేసే అతను, స్టూడియోకి వచ్చారు. పదో రోజుకి పెట్టడానికి నాన్నగారి ఫోటో ఒకటి పెద్దది చేసి ఇవ్వమన్నారు. ఇంట్లో వెతికితే స్కూలు గ్రూపు ఫోటో తప్ప ఏమీ దొరకలేదట. అందులో ఆయన మొహం మినప్పప్పంత ఉంది. ఇన్నేళ్లు ఇన్ని వీడియోలు తీశారు కదా, వాటిల్లో ఎక్కడో ఒకచోట ఉండరా అని ఆ అబ్బాయి అడిగారు. మేం ముగ్గురం షట్టరు సగం దించుకుని ఆయన సంచిలోని క్యాసెట్లన్నీ ఒకటొకటిగా వేశాం. మంచు, పిచ్చుకలు, దేవుడిగది, మామిడికుదురు పోయే దారిలో రాత్రంతా వెలిగే గ్యాసు బావి మంట, పిన్నిగారు. ఎక్కడా ఆయన లేరు. తీసినాయన ఎలా ఉంటారు? ఎవరమూ ఒక్కసారి కూడా, ఇటివ్వండి, మిమ్మల్ని తీస్తాం అని ఆ కెమెరా ఆయన చేతుల్లోంచి అందుకోలేదు.

వాడపల్లి క్యాసెట్టు వచ్చింది. గట్టు, ఆకుపచ్చ చీర. ఆ నీడ రాగానే స్టూడియో ఆయన, అక్కడ ఆపండి అన్నారు, రిమోట్ తన చేతిలోనే ఉన్న సంగతి మరిచిపోయి. ఆపారు. మోచేతులు రెండూ పొడుచుకొచ్చి, పంచె అంచు గాలికి లేచి, ఆయనే. ఇన్ని క్యాసెట్లలో ఆయన ఉన్నది ఆ నీడల్లోనే. మేమంతా తీసెయ్యమన్న నీడలు. షావుకారుగారు తువ్వాలు మొహానికి పెట్టుకున్నారు.

స్టూడియో ఆయన కాస్త వెనక్కి తిప్పి మళ్లీ వేశారు. మళ్లీ తిప్పారు. పనిలో పడితే ఆయన అంతే, ఒక్కో ముక్కా వెనక్కీ ముందుకీ తిప్పుతూ ఉంటారు. మూడోసారి తిప్పి, "మేడమ్ గారండీ, చూడండి" అన్నారు. నేను చూశాను. షాట్ మొదట్లో నీడ ఆవిడ మీద లేదు. పక్కన గట్టు మీద, గడ్డి మీద ఉంది. పిన్నిగారికి ఎండ సూటిగా మొహాన కొడుతోంది. కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆ చేతి కిందినుంచే పక్కన ఉన్న నీడని చూశారు. ప్రసాదం పొట్లం ఒక చేత్తో పట్టుకుని, కూర్చున్నచోటి నుంచే కొంచెం జరిగారు. ఇంకొంచెం జరిగారు. నీడ మొత్తం మీదికి వచ్చేదాకా జరిగి, చెయ్యి దించి, తలెత్తి ఆయన వైపు చూసి, సుఖంగా కూర్చున్నారు.

"నీడ పడలేదండీ. అమ్మగారే నీడలోకి జరిగేరండి" అన్నారు స్టూడియో ఆయన.

ఆ రోజు నేను చెప్పిన సంత తప్పు. కాలవ వంతెన మీద ఆయన అడిగిన దానికి సమాధానం ఇంతకాలం ఈ క్యాసెట్లో ఉంది, నేను చూసి కూడా చెప్పలేకపోయాను. బాబాయిగారూ, పిన్నిగారు ఒంటరిగా లేరండీ. మీరు అవతల నిలబడితే, ఆవిడ మీ నీడలోకి జరిగి కూర్చున్నారు. చూసింది చెబుతున్నాను, అనిపించింది కాదు. ఇది ఆయనకి వినపడదు. అదే నాకు తీరని దుఃఖం, అందుకే కాగితం మీద పెట్టి మీకు చెబుతున్నాను.

స్టూడియో ఆయన ఇంకోసారి మొదట్నుంచి వేశారు. పిన్నిగారు నీడలోకి జరిగి, కళ్ల మీది చెయ్యి దించారు. షాట్ ఆఖరికి వస్తోంది. ఎప్పట్లాగే షావుకారుగారు ముందే కనిపెట్టి, లేచి టీవీ దగ్గరికి వెళ్లారు. వెళ్లి, ఆయన ఊపిరి వదిలే చోట సౌండు పెంచారు.